పోస్టులో టేపులు పంపుకుంటూ ఆల్బమ్ చేశారంట కదా, ‘గివ్ అప్’ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రాత్రి_రేడియో:

అందరికీ నమస్తే. ది పోస్టల్ సర్వీస్ అని అమెరికాలో ఒక ఎలక్ట్రానిక్ పాప్ బ్యాండ్ ఉంది కదా, వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘గివ్ అప్’ నాకు నెల క్రితం దొరికింది, అప్పట్నుంచి దాదాపు రోజూ వింటున్నా. 2003లో వచ్చిందంట, పది పాటలు, మొత్తం కలిపి ముప్పావుగంట. అందరిలాగే నేనూ ‘సచ్ గ్రేట్ హైట్స్’ దగ్గరే మొదలెట్టా. ఆ మొదట్లో ఈ చెవిలోంచి ఆ చెవిలోకి, ఆ చెవిలోంచి ఈ చెవిలోకి గెంతుతా ఉంటాయే చిన్న చిన్న సౌండ్లు, అవి వినగానే ఫోన్ స్పీకర్ ఆపేసి హెడ్‌ఫోన్స్ వెతుక్కుని మళ్ళీ మొదట్నుంచి పెట్టుకున్నా.

నా అసలు ప్రశ్న వేరే. నేనూ నా ఫ్రెండూ కలిసి పాటలు చేద్దామని ఏడాది నుంచి కష్టపడుతున్నాం. బీట్స్, సింథ్ (అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డ్ సౌండ్లు) నేను చేస్తా, వాడు రాసి పాడతాడు. ఇద్దరం వేరే వేరే ఊళ్ళల్లో ఉంటాం కాబట్టి ఫైల్స్ అన్నీ ఆన్‌లైన్లోనే నడుస్తాయి. రోజుకి నాలుగైదు వెర్షన్లు అటూ ఇటూ తిరుగుతాయి, ఒక పాటకైతే నలభై దాటాయి, అయినా ఇప్పటిదాకా "ఇంక ఇది అయిపోయింది" అని ఇద్దరం ఒప్పుకున్న పాట ఒక్కటి లేదు. ఈ మధ్య మాటా మాటా కూడా పెరుగుతోంది, నేను పెట్టిన సింథ్ తీసేసి వాడు గిటార్ పెడతాడు, వాడి రెండో చరణం నేను కోసేస్తా, మళ్ళీ ఇద్దరం మొదటికొస్తాం.

మరి వీళ్ళు ఒకళ్ళు లాస్ ఏంజెలిస్‌లో, ఒకళ్ళు సియాటిల్‌లో ఉండి, పోస్టులో పంపుకుంటూ ఆల్బమ్ మొత్తం పూర్తిచేశారంటే నమ్మబుద్ధి కావట్లేదు. అసలు ఎవరు ఏం చేశారు? ఎట్లా కుదిరింది? అంత బాగా కుదిరినవాళ్ళు రెండో ఆల్బమ్ ఎందుకు చెయ్యలేదు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, ఎంత పెద్ద రిప్లై అయినా చదువుతా.


పాత_క్యాసెట్:

చాలా రోజులకి ఈ ఆల్బమ్ గురించి ఎవరో అడిగారు, సంతోషంగా ఉంది తమ్ముడూ. తెలిసింది చెప్తా.

ఇద్దరు మనుషులు. ఒకరు జిమ్మీ టాంబోరెల్లో, లాస్ ఏంజెలిస్, డిన్‌టెల్ అనే పేరుతో ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తాడు. రెండోవాడు బెన్ గిబ్బర్డ్, సియాటిల్ వైపు, డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అనే గిటార్ బ్యాండ్‌లో పాడతాడు, రాస్తాడు. 2001లో వచ్చిన డిన్‌టెల్ ఆల్బమ్ ‘లైఫ్ ఈజ్ ఫుల్ ఆఫ్ పాసిబిలిటీస్’లో ఒక పాటకి గిబ్బర్డ్ గొంతు ఇచ్చాడు. ఆ ఒక్క పాట ఎంత బాగా వచ్చిందంటే ఇంకొన్ని చేద్దాం అనుకున్నారు, అది కాస్తా పది పాటలయింది. బ్యాండ్ పెడదాం, పేరు తెచ్చుకుందాం అని కూర్చున్నవాళ్ళు కాదు, ఎవరి పని వాళ్ళకి ఉండగా పక్కన చేసుకున్న పని ఇది.

పద్ధతి ఇట్లా ఉండేది. టాంబోరెల్లో వాయిద్యాల ట్రాక్ ఒకటి తయారుచేసి డాట్ మీదో సీడీ మీదో ఎక్కించి పోస్టులో పంపేవాడు. డాట్ అంటే చిన్న డిజిటల్ క్యాసెట్, అప్పట్లో స్టూడియోల్లో బాగా వాడేవాళ్ళు. అక్కడ గిబ్బర్డ్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, ముక్కలు కోసి, చరణం ఎక్కడ, పల్లవి ఎక్కడ అని అమర్చుకుని, మాటలు రాసి పాడి, అవసరమైన చోట గిటార్ వేసి తిరిగి పంపేవాడు. బ్యాండ్ పేరు కూడా అందులోంచి వచ్చిందే. తర్వాత జెన్నీ లూయిస్ చేరింది, ఆమె అప్పటికి రైలో కైలీ బ్యాండ్‌లో ఉంది, చాలా పాటల్లో వెనకాల వినబడే ఆడగొంతు ఆమెదే. ‘నథింగ్ బెటర్’లో మాత్రం జెన్ వుడ్ అనే ఇంకో గాయని. డెత్ క్యాబ్‌లోని క్రిస్ వాలా కూడా ఒక చెయ్యి వేశాడు.

2003 ఫిబ్రవరిలో సబ్ పాప్ విడుదల చేసింది. సియాటిల్ ఇండిపెండెంట్ లేబుల్ అది, నిర్వాణ అనే రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో వేసింది వాళ్ళే. ‘గివ్ అప్’ రాగానే ఊపేసిందేమీ లేదు, మెల్లగా ఒకరు చెప్తే ఇంకొకరు విని అట్లా పాకింది, 2005కి గోల్డ్, 2012కి ప్లాటినం అయింది, అంటే అమెరికాలో పది లక్షలు. సబ్ పాప్ చరిత్రలో ‘బ్లీచ్’ తర్వాత ఎక్కువ అమ్ముడుపోయింది ఇదే.

నీ ప్రశ్నకి నా జవాబు ఒక్కటే, టాంబోరెల్లో ట్రాకులు చేశాడు, గిబ్బర్డ్ రాసి పాడాడు. మీ ఇద్దరిలో ఎవరి పని ఎక్కడ ఆగుతుందో ముందు తేల్చుకోండి.


సింథ్_గది:

పైన అన్న చెప్పిందానికి నాది కొంచెం కలుపుతా. గిబ్బర్డ్ చేసింది పాడటం ఒక్కటే కాదు, కొయ్యడం కూడా. మనవాళ్ళు చాలామంది దాన్ని పట్టించుకోరు. టాంబోరెల్లో సొంత ట్రాకులు విన్నారంటే అర్థమవుతుంది, అవి పాటలాగా నడవవు, ఒక మూడ్ పట్టుకుని దాంట్లోనే ఉంటాయి, గరగరలు, చిటచిటలు, మధ్యలో ఆగిపోవడాలు, ఎక్కడ పల్లవి వస్తుందో తెలీదు. అలాంటి ట్రాక్ చేతికి వచ్చినప్పుడు దాన్ని పాప్ పాట ఆకారంలోకి తెచ్చింది ఆ కత్తెర. కానీ ఆ సౌండ్ల జోలికి పోలేదు చూడండి, బీట్ నాకు నచ్చలేదు వేరేది పెడతా అనలేదు, ఉన్నదాన్నే అటూ ఇటూ జరిపాడు. రాత్రి_రేడియో గారూ, మీ ఫ్రెండ్ సింథ్ తీసి గిటార్ పెట్టడానికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు పాటల్లోకి వస్తా, ఇది లేకుండా ఈ ఆల్బమ్ గురించి మాట్లాడలేను.

మొదటి పాట ‘ది డిస్ట్రిక్ట్ స్లీప్స్ అలోన్ టునైట్’ పెట్టి కళ్ళు మూసుకుని వినండి. మొదట్లో ఆర్గన్ లాంటి మెత్తటి సౌండ్ మీద గొంతు ఒక్కటే ఉన్నట్టు ఉంటుంది, బీట్ గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటుంది. చివరికొచ్చేసరికి అదే పాట పరుగెత్తుతుంటుంది, బీట్ రెట్టింపు అయినట్టు, పైన ఆడగొంతు కలిసి. విడిపోయిన అమ్మాయి వాషింగ్టన్ డీసీకి వెళ్ళిపోతే ఆమెని చూడ్డానికి వెళ్ళి, ఆ ఇంట్లో తను పరాయివాణ్ణని తెలుసుకునే పాట అది. డిస్ట్రిక్ట్ అంటే ఆ డీసీనే. ఆ పరుగు మొదలయ్యే చోట పాడేవాడికి విషయం అర్థమైపోతుంది, తప్పు తనదేనని. మాట మారిన చోటే బీట్ మారింది, వేరే వేరే ఊళ్ళల్లో ఉన్న ఇద్దరు చేసిన పని అంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

‘వియ్ విల్ బికమ్ సిల్హౌట్స్’ ఇంకా విచిత్రం, పిల్లలు పాడుకునేంత హుషారు ట్యూన్, మాటలేమో బాంబు పడ్డాక బయటికి అడుగుపెట్టలేని మనిషివి. ‘బ్రాండ్ న్యూ కాలనీ’ పాత వీడియో గేమ్ మ్యూజిక్‌లాగా మొదలవుతుంది, చివర్లో అందరూ కలిసి ఒకే మాట మళ్ళీ మళ్ళీ పాడుతుంటే నాకు లేచి నిలబడాలనిపిస్తుంది. ‘దిస్ ప్లేస్ ఈజ్ ఎ ప్రిజన్’ మాత్రం నాకు ఎక్కలేదు, ఆల్బమ్ అక్కడ బరువెక్కి ఆగిపోతుంది. ఆఖరి ‘నేచురల్ ఆంథెమ్’లో గొంతు చాలాసేపటిదాకా రాదు, డ్రమ్స్ చినిగిపోయినట్టు విరుచుకుపడుతుంటాయి, అది పూర్తిగా టాంబోరెల్లో గది. మీలో బీట్లు చేసేది మీరే కాబట్టి ఆ పాట మంచి హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి కచ్చితంగా వినండి.


తెల్లకాగితం_లలిత:

అందరూ సౌండ్ గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను మాటల వైపు నుంచి చెప్తాను, కొంచెం వేరే అభిప్రాయం కూడా ఉంది, ఎవరూ ఏమనుకోవద్దు.

నాకు గిబ్బర్డ్ రాసిందంతా నచ్చదండి. ‘సచ్ గ్రేట్ హైట్స్’ మొదటి లైన్లలో ఇద్దరి కళ్ళల్లోని మచ్చల గురించి చెప్పే పోలిక ఉంది, చాలామంది మెచ్చుకుంటారు కానీ నాకు అది డైరీలో రాసుకుని దాచుకోవలసిన మాటలా ఉంటుంది. అయినా ఆ పాట నిలబడింది అంటే ఆ వాయిద్యం వల్లే. అదే పాటని ఐరన్ అండ్ వైన్ అనే పేరుతో పాడే గాయకుడు ఒట్టి గిటార్ మీద నెమ్మదిగా పాడాడు, 2004లో ‘గార్డెన్ స్టేట్’ సినిమాలో కూడా వచ్చింది, చాలామందికి ఆ వెర్షనే ముందు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి వింటే మాట ఎక్కడ ఉందో, సౌండ్ దానికి ఎంత బలం ఇచ్చిందో తెలిసిపోతుంది.

నన్ను పట్టుకున్నది ‘నథింగ్ బెటర్’. విడిపోతున్న ఇద్దరి సంభాషణ అది. అతను బతిమాలతాడు, ఇంకో అవకాశం ఇవ్వమంటాడు, పెళ్ళి చేసుకుని కలిసి ముసలివాళ్ళమవుదాం అంటాడు. మామూలుగా అయితే ఆ ఏడుపుతో పాట అయిపోయేది. రెండో చరణంలో ఆమె వచ్చి మధ్యలో అడ్డుపడుతుంది, నువ్వు చెప్పేదాంట్లో నిజం ఎంతో చూపిస్తా ఉండు అని లెక్కలూ గ్రాఫులూ గీసి పెట్టినట్టు మాట్లాడుతుంది. ఎంత హాయిగా ఉంటుందో ఆ చోట! మొగవాళ్ళు రాసే విరహం పాటల్లో అవతలి మనిషికి నోరు ఉండటం ఎంత అరుదు చెప్పండి. ఆ రెండో గొంతు లేకపోతే ఆ పాటలో ఒక మొండి మనిషి తప్ప ఎవరూ ఉండరు.

అందుకే పాత_క్యాసెట్ గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఎవరి పని వాళ్ళది అని గీత గీసుకుంటే సరిపోదండి. అవతలి మనిషి వచ్చి కాదు అని చెప్పడానికి చోటు కూడా ఉండాలి, ఆ కాదు అనేదాన్ని పాటలోపలికే తీసుకురాగలిగితే ఇంకా మంచిది. రేడియో గారూ, మీ ఇద్దరి గొడవ నాకైతే చెడ్డ సంకేతంలా అనిపించట్లేదు, కానీ అది నలభై వెర్షన్లుగా ఫోల్డర్‌లో పడి ఉంటే ఎవరికి వినబడుతుంది?


డప్పు_డిజిటల్:

అన్నా, పోస్టాఫీసు కథ ఎవరూ చెప్పలే, అది నేను చెప్త. ఆల్బమ్ వచ్చిన ఏడాదే అమెరికా ప్రభుత్వ పోస్టల్ సర్వీస్ నుంచి వీళ్ళకి లెటర్ వచ్చింది, ఆ పేరు మాది, ట్రేడ్‌మార్క్ ఉంది, వాడొద్దు అని. పేరు మార్చుకోవాల్సొస్తదేమో అనుకున్నరు. కానీ ఆఖరికి మంచిగ తెగింది, బ్యాండ్‌కి ఆ పేరు వాడుకోనికి లైసెన్స్ ఇచ్చిన్రు, బదులుగ వీళ్ళు ఉత్తరాలు పంపుకోవడం గురించి నాలుగు మంచి మాటలు ప్రచారం చెయ్యాలె. పోస్టు వాళ్ళు తమ వెబ్‌సైట్‌ల ఈ ఆల్బమ్ సీడీ అమ్మనీకి కూడా ఒప్పుకున్నరు, 2004 నవంబర్‌ల వాషింగ్టన్‌ల పోస్ట్‌మాస్టర్ జనరల్ పెట్టిన మీటింగ్‌ల వీళ్ళతోని పాడిపిచ్చుకున్నరు. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగ న్యాయమే అనిపిస్తది, ఆ డిపార్ట్‌మెంట్ టేపులు మోయకపోతే ఈ పాటలే లేవు గద.

రెండో ఆల్బమ్ సంగతి. గిబ్బర్డ్‌కి అదే 2003ల డెత్ క్యాబ్‌తోని ‘ట్రాన్స్‌అట్లాంటిసిజం’ వచ్చింది, అది పెద్ద హిట్, తర్వాత ఆ బ్యాండ్ అట్లాంటిక్ లాంటి పెద్ద లేబుల్‌కి పోయి 2005ల ‘ప్లాన్స్’ తీసింది. టాంబోరెల్లో డిన్‌టెల్ పని ఆయనది, జెన్నీ లూయిస్ సొంత ఆల్బమ్‌లు ఆమెవి. మొదట్ల పక్కన పెట్టుకుని చేసిన పని కాబట్టి అట్లనే పక్కన ఉండిపోయింది. మొదలుపెట్టలేదని కాదు, కొంత చేసిన్రు, 2013ల పదేళ్ళ ఎడిషన్ వచ్చినప్పుడు దాంట్ల ‘ఎ ట్యాటర్డ్ లైన్ ఆఫ్ స్ట్రింగ్’, ‘టర్న్ అరౌండ్’ అని రెండు కొత్త పాటలు పెట్టిన్రు. ఆ ఏడాది టూర్ కూడా చేసి ఇగ అయిపోయింది అన్నరు. మళ్ళ 2023ల ‘గివ్ అప్’కీ ‘ట్రాన్స్‌అట్లాంటిసిజం’కీ ఇరవై ఏళ్ళు నిండినయని రెండు బ్యాండ్లు ఒకే టూర్ చేసినయి, రెండు ఆల్బమ్‌లు మొదట్నుంచి ఆఖరి దాక, గిబ్బర్డ్ రెండిట్లనూ పాడిండు. డెత్ క్యాబ్‌కి నల్లబట్టలు, పోస్టల్ సర్వీస్‌కి తెల్లబట్టలు. నేను వీడియోలల్ల చూసిన, ‘నథింగ్ బెటర్’ల జెన్నీ లూయిస్ ఎదురుంగ నిలబడి జవాబు చెప్తుంటే జనమంతా ఆమె లైన్లు పాడుతున్నరు. లలితక్క చెప్పింది చదివినంక అది మళ్ళ చూడాలనిపిస్తుంది.


రాత్రి_రేడియో:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మొత్తం రెండుసార్లు చదివా, లింక్ వాడికి కూడా పంపించా.

లలిత గారూ, మీరు చెప్పిన తర్వాత ‘నథింగ్ బెటర్’ మళ్ళీ విన్నా, ఇన్ని రోజులు దాన్ని ట్యూన్ కోసం వింటున్నా, ఆమె అడ్డుపడే చోటు ఇప్పుడు నిజంగా వినబడింది. సింథ్_గది గారూ, ‘నేచురల్ ఆంథెమ్’ రాత్రి పెట్టా, ఇన్నాళ్ళూ చివరిపాట అని దాటేసేవాణ్ణి, అది నాకు ఇప్పుడు ఆల్బమ్‌లో మొదటి మూడింట్లో ఒకటి.

నిన్న ఇద్దరం ఫోన్‌లో గంటసేపు మాట్లాడుకున్నాం. ఒక ఒప్పందం. నేను ట్రాక్ ఒకటి ఆఖరిదాకా చేసి పంపుతా, తర్వాత వారం రోజులు అది వాడిదే, కోసుకుంటాడో జరుపుకుంటాడో వాడిష్టం, సౌండ్లు మాత్రం మార్చడు. నేను మధ్యలో ఫోన్ చేసి ఏమైంది అని అడగను. వారం తర్వాత వచ్చింది నేను తీసుకుంటా, వాడి మాటలు ముట్టుకోను, మిక్స్ చేస్తా. నచ్చకపోతే కారణం రాసి పంపొచ్చు, కానీ ఒక్కసారే. చూద్దాం.

ఒక సాంకేతిక డౌట్ మిగిలింది. నేను పంపినదాని మీద వాడు పాడి పంపితే నా దగ్గర పెట్టినప్పుడు కొంచెం జరిగి ఉంటుంది, గొంతు బీట్ మీద కూర్చోదు. ఒకసారైతే శ్రుతి కూడా మారింది, వాడి గొంతు సన్నగా, ఫాస్ట్‌గా వచ్చింది. వాడు తప్పు పాడాడని నేను, నేను ఫైల్ పాడుచేశానని వాడు, దాని మీద రెండు రోజులు మాటల్లేవు.


సింథ్_గది:

ఇద్దరి తప్పూ కాదండి, ఫైల్ తప్పు. శ్రుతి మారింది అంటే శాంపిల్ రేట్, అంటే సౌండ్‌ని సెకనుకి ఎన్నిసార్లు కొలిచి దాస్తారన్న లెక్క. ఆయన 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసి ఉంటాడు, మీ ప్రాజెక్ట్ 48లో ఉండి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మార్చకుండా అలాగే ప్లే చేస్తే దాదాపు 9 శాతం ఫాస్ట్‌గా వెళ్తుంది, శ్రుతి కూడా ఒకటిన్నర స్వరస్థానం దాకా పైకి పోతుంది. ఇద్దరూ ఒకటే పెట్టుకోండి, ఏదైనా ఫర్లేదు, ఒకటే ఉండాలి.

జరిగిపోవడం వేరే. మీరు ఎంపీ3 పంపుతున్నారా? ఎంపీ3 చేసినప్పుడు మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ అదనంగా చేరుతుంది, ఆయన దాని మీద పాడి ఒట్టి గొంతు పంపితే మీ ఒరిజినల్ మీద అంత తేడా వస్తుంది. వేవ్ ఫైల్ (సౌండ్‌ని కుదించకుండా దాచేది) పంపండి. ఆయన కూడా పాడిన చోటు నుంచి కాకుండా పాట మొదలు సున్నా నుంచి ఆఖరిదాకా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పంపాలి, మధ్యలో మౌనం ఉన్నా సరే, అప్పుడు మీరు మొదటి బార్ దగ్గర పెడితే చాలు. గొంతు రెండు రకాలుగా అడగండి, రివర్బ్ (హాల్లో వచ్చేలాంటి మోత) ఏమీ లేనిది ఒకటి, ఆయనకి నచ్చినట్టు ఎఫెక్ట్స్ వేసింది ఒకటి. రెండోది మీరు వాడకపోవచ్చు కానీ ఆయన మనసులో ఏముందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఫైల్ పేరులోనే టెంపో, శ్రుతి రాసెయ్యండి.


పాత_క్యాసెట్:

తమ్ముడూ వారం తర్వాత ఏం వచ్చిందో ఇక్కడే రాయి, సగం పాటైనా పర్వాలేదు, వింటాం.


రాత్రి_రేడియో:

తప్పకుండా అన్నా. ఎంపీ3నే పంపుతున్నా ఇన్నాళ్ళూ, నా ప్రాజెక్ట్ 48లోనే ఉంది, ఇప్పుడే చూశా. వాడికి ఫోన్ చేసి సారీ చెప్పాను ముందు. మొదటి ట్రాక్ ఇందాకే వేవ్‌లో పంపించా, మూడు నిమిషాల నలభై సెకన్లు, వచ్చే ఆదివారం దాకా అది వాడి దగ్గరే.